ప్రవేశ ప్రకటనలు : ఒక విమర్శ

తెలుగునాట నేడు మిక్కిలి విరివిగా చదువబడు వచనమేదియని యెవరైన నడిగినచో నవల యనియో, వార్తాపత్రిక యనియో సాధారణముగా బదులు వచ్చును. మా యభిప్రాయము వేఱు. నల్లగొండ, మహబూబ్‌నగర్ సీమలకు సంబంధించినంతవఱకు, యాసంగి కోతలు ముగియకముందే బయలుదేరి, జూన్ మాసమున బడులు తెఱచువఱకు గోడలమీదను, ఆటోల వెనుకను, పత్రికల మడతలలోను కనిపించు ప్రైవేటు ఉన్నత పాఠశాలల ప్రవేశ ప్రకటనలే ఆ గౌరవమునకు తగినవి. బడికిపోవు బిడ్డయున్న గృహములలో వానిని చూడని గృహము అరుదు. అక్షరములు రాని తల్లులును ఇరుగుపొరుగువారిచే చదివించుకొని విందురు.

ఇందఱు చదువు ఈ వాఙ్మయమునకు విమర్శకుడు మాత్రము లేడు. ఒక కావ్యమున అలంకారదోషము కనబడినచో పుటలకొలది చర్చ జరుగును. ఆ దోషమువలన ఏ యింటను దీపము ఆఱదు. ఈ నాలుగు పుటల వచనమును నమ్మి గృహస్థు ధారపోయునది పెక్కుచోట్ల ఒక యేటి పత్తి రాబడి. దానికంటె వెలగలది, ఆఱవ తరగతి మొదలు పదవ తరగతివఱకు గడచు బిడ్డయొక్క అయిదేండ్ల ప్రాయము. పంట పోయినచో మఱుసటి యేడు పండించుకొనవచ్చును. ఆ యైదేండ్లు మరల రావు. కావున నల్లగొండ, సూర్యాపేట, మిర్యాలగూడ, మహబూబ్‌నగర్, వనపర్తి, నాగర్‌కర్నూలు పట్టణములలో పంచబడిన ఇట్టి ప్రకటనలు కొన్నింటిని ఎదుట పెట్టుకొని, ఇతర గ్రంథములను పరిశీలించునట్లే వానిని పరిశీలింప సాహసించుచున్నాము. ఏ పాఠశాల పేరును ఎత్తము. దోషము ఒకరిది కాదు, ఈ రచనారీతిదియే.

మొదట నామకరణమును చూతము. మా యెదుటనున్న పత్రములలో ఉత్త “ఉన్నత పాఠశాల” యను పేరుతో తృప్తిపడినవి మిక్కిలి తక్కువ. టెక్నో, ఒలింపియాడ్, కాన్సెప్ట్, ఇంటర్నేషనల్ మొదలగు బిరుదములలో ఒకటి రెండైనను తగిలించుకొనని పాఠశాల వెనుకబడినదిగా ఎంచబడుచున్నది. ప్రభుత్వ మిచ్చు గుర్తింపు పత్రములో ఇట్టి బిరుదములకు తావులేదు. పాఠశాల రాష్ట్ర పరీక్షామండలికి చెందినదా, సి.బి.ఎస్.ఇ.కి చెందినదా, మఱియొక మండలికి చెందినదా యనునదియే అందు తేలును. లోకములో నిజముగా అంతర్జాతీయ పరీక్షామండలులు కొన్ని కలవు. వానితో సంబంధమున్న పాఠశాల ఆ మండలి పేరును స్పష్టముగా అచ్చువేయగలదు. అట్లు వేయక “ఇంటర్నేషనల్” అని మాత్రము వ్రాసినచో, ఆ పదము గోడకు వేసిన రంగువంటిది. పేరు గొప్ప ఊరు దిబ్బ యను సామెత ఇట్టి వానిని చూచియే పుట్టినదేమో! గుర్తింపు ఏ తరగతివఱకు కలదు, ఏ సంవత్సరమువఱకు చెల్లును అను రెండు సంగతులను మేము చూచిన పత్రములలో దేనియందును కానలేదు. గుర్తింపులేని తరగతిలో చదివిన బాలుడు పదవ తరగతి పరీక్షకు మఱియొక పాఠశాల పేరుతో కూర్చుండవలసి వచ్చును. ఈ సంగతి తల్లిదండ్రులకు తెలియునప్పటికి కాలము మించిపోవును.

నామకరణము దాటినంతనే ర్యాంకుల పుట వచ్చును. ఈ ప్రక్రియకు అది ప్రాణము. నవ్వుచున్న బాలబాలికల చిత్రములు, వారి క్రింద మార్కులు, పైన “నూటికి నూఱు ఉత్తీర్ణత” యను తోరణము. దీనిని విమర్శకుడెట్లు చదువవలెను? 2025వ సంవత్సరమున తెలంగాణములో పదవ తరగతి పరీక్ష వ్రాసినవారిలో నూటికి 92 మందికి పైగా ఉత్తీర్ణులైరి. సర్కారు బడులు, ప్రైవేటు బడులు, గురుకులములు అన్నియు ఈ లెక్కలో చేరినవే. లోకమంతయు తొంబదిరెండు దాటినచోట తాను నూఱు దాటితినని చాటుట అబద్ధము కాదు. కాని దానిని అద్భుతముగా నెంచుటకు మాత్రము హేతువు కనబడదు.

అంతకంటె ముఖ్యమైన చిక్కు మఱొకటి కలదు. ఏ భిన్నమునకైనను పైన నొక సంఖ్య, క్రింద నొక సంఖ్య యుండును. ప్రకటనలలో పై సంఖ్యయే అచ్చగును. ఆఱవ తరగతిలో చేరినవారెందఱు? వారిలో పదవ తరగతివఱకు నిలిచినవారెందఱు? తొమ్మిదవ తరగతి చివర “ఇచట మీవానికి కుదురదు” అని టి.సి. చేతికిచ్చి పంపబడినవారెందఱు? చిత్రములోని ర్యాంకు ఈ పట్టణపు శాఖదా, రెండువందల మైళ్ల దూరముననున్న శాఖదా? ఈ ప్రశ్నలకు ఉత్తరము లేని ర్యాంకు, పేరు లేని ఊరివలె, ఎచటనున్నదో తెలియదు.

మఱియు బిడ్డను చేర్చుకొనుటకు ముందే పరీక్షపెట్టి, చుఱుకైనవారిని ఏరుకొని, అయిదేండ్ల పిమ్మట వారు చుఱుకైనవారేయని చాటు పాఠశాల, మేలైన విత్తనమును ఏరుకొని పంటయంతయు తన నాగలి మహిమయేయని చెప్పుకొను సేద్యగానిని పోలును. 2010 ఏప్రిల్ 1 నుండి అమలునందున్న విద్యాహక్కు చట్టము ఆఱు మొదలు పదునాలుగేండ్ల లోపు పిల్లలను చేర్చుకొనునపుడు ఇట్టి వడపోతను స్పష్టముగా నిషేధించినది. మొదటి తప్పునకు ఇరువదియైదువేల రూపాయలవఱకు, పిదప ప్రతి తప్పునకును ఏబదివేల రూపాయలవఱకు జరిమానా కలదు. చేర్చుకొనునపుడు గుంజు డొనేషనునకు దానికి పదిరెట్లవఱకు జరిమానా. ఐనను “ప్రవేశ పరీక్ష ఫలానా ఆదివారము” అని ఆఱవ తరగతికై అచ్చువేసిన పత్రములు మా యెదుట నున్నవి. చట్టోల్లంఘనమును ఇంత చక్కని రంగులలో ప్రకటించుకొను వ్యాపారము మఱొకటి కలదేమో మాకు తోచదు.

“మీరెన్ని చెప్పినను ప్రైవేటు బడిలో చదువు మేలు గదా” యని చదువరులు కొందఱు అనవచ్చును. ఈ మాటను ఊహతో గాక, మన నేలమీదనే జరిగిన యొక పరిశోధనతో తూచుట మంచిది. 2008లో ఆరంభమై ఉమ్మడి ఆంధ్రప్రదేశములోని 180 గ్రామములలో నాలుగేండ్లు సాగిన పరీక్ష యొకటి కలదు. కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ అను అర్థశాస్త్రవేత్తలు దానిని నడపి, ఫలితములను 2015లో ప్రకటించిరి. సర్కారు ప్రాథమిక పాఠశాలల పిల్లలలో ప్రైవేటు బడికి పోగోరినవారికి చీట్లువేసి, చీటి తగిలినవారికి ఫీజు చెల్లించి పంపిరి. చీటి తగులనివారు ఉన్నచోటనే యుండిరి. ఇరువురి యిండ్లును ఒక తీరువే. తేడా చీటి యొక్కటియే. నాలుగేండ్ల పిమ్మట చూడగా తెలుగు, గణితము, ఇంగ్లీషు, విజ్ఞాన సాంఘిక శాస్త్రములలో ఇరువురి నడుమను చెప్పుకొనదగిన భేదము కనబడలేదు. హిందీలో మాత్రము ప్రైవేటు బడివారు ముందుండిరి.

ఈ ఫలితమును రెండు వైపులనుండియు న్యాయముగా చదువవలెను. ఆ ప్రైవేటు బడులు ఒక్కొక్క విద్యార్థిపై చేసిన వ్యయము సర్కారు బడుల వ్యయములో మూడవవంతుకంటె తక్కువ. తక్కువ సొమ్ముతో అంతే ఫలితము చూపిరనుట వారికి కీర్తియే. కాని సొమ్ము చేతినుండి చెల్లించు తండ్రికి కావలసిన సంగతి వేఱు. ప్రైవేటు బడి పిల్లల మార్కులు హెచ్చుగా కనబడుటకు, ఆ పిల్లలు వచ్చిన యిండ్ల స్థితిగతులే చాలవఱకు కారణమని ఈ చీట్ల పరీక్ష తెలుపుచున్నది. అది ప్రాథమిక తరగతులకు సంబంధించినది గనుక ఉన్నత పాఠశాలలకు యథాతథముగా అన్వయింపరాదు. ఐనను “ప్రైవేటు” అను మాటలోనే విద్య యున్నదను నమ్మకమును అది సడలించుచున్నది. ఏ పాఠశాల అనునదియే ప్రశ్న. ఎవరి యాజమాన్యము అనునది దానికి ఉత్తరము కాజాలదు.

ఇక ఈ గ్రంథములలో చెప్పినదానికంటె చెప్పనిదియే పెద్దది. అధిపతి చిత్రము ముఖపత్రముననే యుండును. భవనము, బస్సు, కంప్యూటరు గది, ఏ.సి. తరగతి, అన్నిటికిని చిత్రములు కలవు. ఉపాధ్యాయుని పేరు మాత్రము మచ్చునకైన లేదు. గణితము చెప్పువారెవరు, వారి యోగ్యత ఏమి, ఈ బడిలో ఎన్నియేండ్లనుండి యున్నారు అను మూడు పంక్తులకు ఎనిమిది రంగుల పత్రములో చోటు చాలలేదు! భోజనశాల ప్రకటనలో వంటవాని పేరు లేకున్నను చెల్లును. విద్య అట్టిది కాదు. అది ఒక మనిషి మఱొక మనిషికి ఇచ్చునది. మిగిలినదంతయు ఆ యిద్దఱును కూర్చుండుటకు వేసిన పందిరి మాత్రమే.

ఈ మౌనమునకు కారణము ఊహింప కష్టము కాదు. పెక్కు బడులలో ఉపాధ్యాయుడు ఒక జూన్‌నందు చేరి మఱుసటి జూన్‌నాటికి వేఱొక బడికి పోవుచున్నాడు. వేసవిలో ఆ ఉపాధ్యాయులే ఎండలో ఊరూర తిరిగి, ఈ పత్రములనే పంచి, ఇందఱు పిల్లలను తేవలెనను లెక్కకు లోబడి పనిచేయుచున్నారు. పిల్లలను తేలేనివారికి జీతము నిలుపుదల చేయు చోట్లును కలవని ఈ సీమలో ఎఱుగనివారు లేరు. ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వము 1994 జనవరి 1న వెలువరించిన ఉత్తరువు, ఫీజుల రాబడిలో నూటికి ఏబదివంతులు ఉపాధ్యాయుల జీతములకు పోవలెననియు, యాజమాన్యము తీసికొనునది అయిదు వంతులకు మించరాదనియు విధించినది. ఆ లెక్కను అచ్చువేయగల ధైర్యము ఏ పత్రమునకైన కలదా? మేము చూచినవానిలో లేదు. తల్లిదండ్రులు ఫీజులో రాయితీ యెంతయని అడుగుదురు. ఆ ఫీజులో పంతులుగారి చేతికి చేరునదెంతయని అడుగరు. అడిగిననాడు ఈ ప్రకటనల వచనము మాఱును.

భాష సంగతి యింకొకటి. ప్రకటనలన్నియు ఇంగ్లీషు బోధనను మొదటి గుణముగా చాటుచున్నవి. ఇంగ్లీషు వలదని మేము చెప్పబోము. పెద్ద చదువులకును, న్యాయస్థానములకును, ఉద్యోగములకును అది ద్వారమైయుండగా, పాలమూరు కూలివాని బిడ్డకు మాత్రము ఆ ద్వారము మూయుమనుట అన్యాయము. మా విమర్శ వేఱొకటి. ఇంగ్లీషును భాషగా నేర్పుట ఒకటి. అర్థముకాని ఇంగ్లీషులో భౌతికశాస్త్రమును వల్లెవేయించుట మఱొకటి. రెండవదానిని మొదటిదిగా చూపుటయే ఈ ప్రకటనల చమత్కారము. బిడ్డ ప్రశ్నలకు ఉత్తరములు గడగడ అప్పగించుట చూచి తల్లి పొంగిపోవును. ఆ ఉత్తరమును తెలుగులో చెప్పుమని ఒక్కసారి అడిగి చూచినచో, అర్థమైనదియు కానిదియు అప్పుడే తేలును. తెలంగాణ శాసనసభ 2018లో చేసిన చట్టము ఏ మండలికి చెందిన పాఠశాలయైనను పదవ తరగతివఱకు తెలుగు నేర్పవలెనని, దశలవారీగా అమలుపఱచవలెనని విధించినది. తెలుగు ఉపాధ్యాయుని పేరును అడుగుట కావున గృహస్థుని హక్కు; అది చాదస్తము కాదు.

ఈ సందర్భమున “ప్రైవేటు” అను మాటకు మన సీమలో నుండిన పూర్వచరిత్రను తలపక తప్పదు. నిజాము పాలనలో ఉస్మానియా విశ్వవిద్యాలయము 1918లో ఉర్దూ బోధనాభాషగా వెలసినది. ఉన్నత విద్య ఉర్దూలోనే జరుగుచుండెను. జనుల భాష తెలుగు. ఖాన్గీ పాఠశాలను తెఱచుటకు సర్కారు అనుమతి కావలసియుండెను. ఆంధ్ర మహాసభ 1930లో జోగిపేటలో సురవరము ప్రతాపరెడ్డిగారి యధ్యక్షతను, 1931లో నల్లగొండ జిల్లాలోని దేవరకొండలో బూర్గుల రామకృష్ణరావుగారి యధ్యక్షతను కూడినది. మాతృభాషలో చదువు కావలెననుట ఆ ఉద్యమపు ముఖ్యమైన కోరికలలో నొకటి. ప్రతాపరెడ్డిగారును, రామకృష్ణరావుగారును పాలమూరు సీమ బిడ్డలే. అంతకు ముందే, 1922లో, నల్లగొండనుండి షబ్నవీసు వేంకటరామ నరసింహారావుగారు నీలగిరి పత్రికను వెలువరించియుండిరి.

ఆ కాలమున, 1928లో, మాడపాటి హనుమంతరావుగారు హైదరాబాదు నారాయణగూడలో తెలుగు మాధ్యమమున ఆంధ్ర బాలికోన్నత పాఠశాలను స్థాపించిరి. ఉస్మానియా దానిని గుర్తింపలేదు. అందుచేత, పూనాలో కార్వే పండితుడు 1916లో నెలకొల్పిన మహిళా విశ్వవిద్యాలయముతో దానిని అనుబంధింపవలసి వచ్చెను. ఆ బడిలో కూతురును చేర్చిన తండ్రికి ర్యాంకుల పుట లేదు, సర్కారు గుర్తింపును లేదు, ఉద్యోగపు ఆశయు లేదు. అతడు చూచినది రెండే: చెప్పువారెవరు, బిడ్డకు తెలియు భాషలో చెప్పుదురా. సర్కారు ఇయ్యనిదానిని ఇచ్చుటకై నాడు ఖాన్గీ బడి పుట్టినది. నేడు ప్రైవేటు బడి తాను ఇయ్యగలదని చాటుకొనుదానిలో, సర్కారు ఇయ్యజాలనిది ఏమి? ఈ ప్రశ్నతో ప్రకటనను చదివినచో సగము పత్రము తెల్లబోవును.

సర్కారు ఇయ్యజాలదను నమ్మకమును మన జిల్లాయే ఒకప్పుడు సడలించినది. 1971లో నాటి నల్లగొండ జిల్లాలోని సర్వేలులో గురుకుల పాఠశాల ఆరంభమైనది, పి.వి. నరసింహారావుగారి ప్రోత్సాహమున మొదలైన ఆ పద్ధతియే పిదప రాష్ట్రమంతట వ్యాపించినది. మారుమూల పల్లెలో, ప్రభుత్వ వ్యయముతో, ఉపాధ్యాయులును విద్యార్థులును ఒకచోట నివసించి చదువుట దాని విశేషము. గురుకులములును పరీక్షపెట్టి పిల్లలను ఏరుకొనినవే గనుక, వాని ఫలితములను చదువునపుడును మేము పైన చెప్పిన జాగ్రత్త అవసరమే; ప్రైవేటువానికి ఒక తూనికయు సర్కారువానికి మఱొక తూనికయు పెట్టరాదు. కాని ప్రకటనపత్రము అచ్చువేయని పాఠశాల పాఠశాలయే కాదను భ్రమను సర్వేలు తొలగింపగలదు. గృహస్థుడు ఎంచుకొనవలసిన పాఠశాలల పట్టికలో తన మండలపు సర్కారు ఉన్నత పాఠశాలయు, ఆదర్శ పాఠశాలయు, గురుకులమును ప్రైవేటు బడులతో సమానముగా నుండవలెను.

ఇంతవఱకు ప్రకటనకర్తలను విమర్శించితిమి. ఇక చదువరిని విమర్శింపక విడుచుట పక్షపాతమగును. ఈ ప్రకటనలలో బాలికల చిత్రములు నిండుగా నుండును. ఉండుట న్యాయమే. 2024లో తెలంగాణ పదవ తరగతిలో బాలికలు నూటికి 93.23 మంది, బాలురు 89.42 మంది ఉత్తీర్ణులైరి. దానికి ముందు ఏడును, తరువాతి యేడును బాలికలదే పైచేయి. ఇది ఇట్లుండగా, మన గృహములలో జరుగుచున్నదేమి? కొడుకునకు బస్సు వచ్చు బడి, కూతురునకు నడచిపోవు బడి. కొడుకు ఫీజునకై అప్పు, కూతురునకు “ఎంతవఱకు చదివినను అంతే గదా” యను మాట. సర్కారు బడి తక్కువదని మేము అనుట లేదు; తక్కువదని తాము నమ్మిన బడికే కూతురును పంపుట యందలి నీతిని అడుగుచున్నాము. 2011 జనాభా లెక్కలలో నాటి మహబూబ్‌నగర్ జిల్లాలో అక్షరాస్యులు నూటికి 55 మంది; నాటి 23 జిల్లాలలో అదియే అట్టడుగు. స్త్రీలలో సగముమందికైన అక్షరములు రావని ఆ లెక్కయే తెలుపుచున్నది. నల్లగొండలో 64. ఈ అంకెలను ఏ ప్రైవేటు బడియు వ్రాయలేదు. ఇండ్లలో జరిగిన ఎన్నికలే వానిని వ్రాసినవి. ఒకే యింటిలో ఇద్దఱు బిడ్డలకు రెండు తూనికలు పెట్టిన తండ్రి, పాఠశాల యెన్నికనుగూర్చి ఎంత చక్కగా మాటలాడినను, మొదటి పాఠములోనే తప్పినవాడు.

ఇక ప్రకటనలలో చిత్రములున్నను కన్నులతో పోయి చూచితీరవలసినవి కొన్ని కలవు. మొదటిది నీరు. ఫ్లోరైడు విషముచే మన జిల్లా ఎంత బాధపడెనో లోకమెఱుగును. పటిక, సున్నములతో ఆ విషమును దించు పద్ధతికి శాస్త్రజ్ఞులు “నల్లగొండ పద్ధతి” యని పేరుపెట్టిరి. లీటరు నీటిలో ఒకటిన్నర మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడు ఉండరాదు. నీటిని కాచినంతమాత్రమున అది పోదు. బిడ్డ పగలంతయు త్రాగు నీరు మిషను భగీరథ కొళాయిదా, ఆవరణలోని బోరుదా, దానిని పరీక్షింపించినది ఎప్పుడు అని అడుగవలెను. రెండవది బాలికల మరుగుదొడ్డి: దానికి నీళ్లు, గొళ్లెము ఉన్నవా? పగలంతయు నీరు త్రాగక ఓర్చుకొని యింటికి వచ్చు బాలిక ఏ ర్యాంకు పుటలోను కనబడదు. మూడవది బస్సు. 2014 జూలై 24న మెదక్ జిల్లా మాసాయిపేటవద్ద కాపలాలేని రైలుదారిలో బడిబస్సు చిక్కి పసిపిల్లలు ప్రాణములు కోల్పోయిన దుర్ఘటనను మఱువరాదు. బస్సు రంగు కాదు, అది నడచు దారియు, నడపువాడును ముఖ్యము. ప్రొద్దుననే అయిదింటికి లేచి, రెండు గంటలు బస్సులో ఊగి, చీకటిపడ్డ పిదప ఇల్లు చేరు బిడ్డకు, ఆ బడి ఎంత మంచిదైనను, చదువునకు మిగులు శక్తి తక్కువ. నాలుగవది గ్రంథాలయము: బీరువా ఉన్నదా యని గాక, పిల్లల పేరుతో పుస్తకములు ఇచ్చు చిట్టా ఉన్నదా యని చూడవలెను. పుస్తకముల అట్టలు నలిగియున్న గ్రంథాలయమే సజీవమైనది.

మేము చూచినవానిలో ఒక చిన్న పట్టణపు చిన్న బడి ప్రకటన మాత్రము మమ్ము ఆపినది. ఒకే రంగు, ఒకే పుట. అందు ఫీజు ఎంతో అంకెలలో నున్నది. దానికి మించి ఏమియు తీసికొనమని వ్రాసియున్నది. తరగతికి ఇందఱిని మించి చేర్చుకొనమని యున్నది. ర్యాంకులు లేవు. వచనము మొఱకుది, అచ్చుతప్పులు రెండు కలవు. సాహిత్యముగా చూచినచో మిగిలినవానికంటె పేలవమైనదే. ఐనను ఆ కట్టలో సత్యమునకు దగ్గఱగా నున్న గ్రంథ మది యొక్కటియే. స్వయముగా పాఠము చెప్పుకొని, ఊరిలోనే యుండి, ఊరివారి ముఖము చూడవలసిన యాజమాన్యములు ఈ సీమలో నేటికిని కలవు. అట్టివారు ప్రకటనల హోరులో వినబడక పోవుటయే మా విచారము. పెద్ద గొంతుక గలవానికి మనమే పిల్లలను పంపి, చిన్నబడి మూతబడిన పిదప దానినిగూర్చి మెచ్చుకొనుచున్నాము.

కావున గృహస్థులకు మా మనవి యిది. ఈ ప్రకటనలను చింపివేయ నక్కఱలేదు. శ్రద్ధగా చదువవలెను, చదివి, అందు లేనివానిని ఒక చీటిపై వ్రాసికొనవలెను. గుర్తింపు ఏ తరగతివఱకు? ఆఱవ తరగతిలో చేరి పదవ తరగతి వ్రాసినవారెందఱు? గణితము, శాస్త్రము, తెలుగు చెప్పువారి పేర్లేవి, ఎన్నియేండ్లనుండి ఇచట నున్నారు? ఏటి ఫీజు, పుస్తకములు, దుస్తులు, బస్సు అన్నియు కలిపి ఎంత? మార్కులనుబట్టి పిల్లలను సెక్షనులుగా చీల్చుదురా? వెనుకబడినవానికి ఏమి చేయుదురు? ప్రతి పాఠశాలకును పదునొకండు అంకెల యుడైస్ సంఖ్య కలదు. దానితో ఉపాధ్యాయుల సంఖ్య మొదలగు వివరములను ప్రభుత్వ పట్టికలలో చూడవచ్చును. ఆ సంఖ్యను అడిగినపుడు కార్యాలయములో ముఖము చిట్లించినచో, అదియు ఒక ఉత్తరమే. ఈ ప్రశ్నలతో ఒక పని దినమున, తరగతులు నడచువేళ, తల్లియు తండ్రియు కలిసి పోవలెను. బిడ్డను వెంట తీసికొనిపోయి వాని మాటయు వినవలెను.

కుదురనిచో బడి మార్చుటకు వెఱవ నక్కఱలేదు. ఎనిమిదవ తరగతివఱకు అడిగిన వెంటనే టి.సి. ఇయ్యవలెనని విద్యాహక్కు చట్టము ప్రధానోపాధ్యాయుని ఆదేశించుచున్నది. టి.సి. రాలేదను కారణమున సర్కారు బడియు, ప్రభుత్వ సహాయము పొందు బడియు ప్రవేశము నిరాకరింపరాదు. బాకీ ఫీజును చూపి కాగితమును బిగబట్టువారి యెదుట ఈ మాట చెప్పగల తెలివి తల్లిదండ్రులకు కావలెను.

వచనమునకు విలువ చదువరినిబట్టి యేర్పడును. మనము ర్యాంకులనే అడిగినన్నినాళ్లు ర్యాంకులే అచ్చగును. పంతులుగారి పేరు అడుగ మొదలుపెట్టిన యేడు ఆ పేరు అచ్చునకు ఎక్కును. సర్వసాధారణమైన మార్కులు తెచ్చుకొను బిడ్డ, తరగతిలో నడుమ వరుసను కూర్చుండు బిడ్డ, ఏ ప్రకటనలోను చిత్రము లేని బిడ్డ, మన యిండ్లలో నున్నవారిలో నూటికి తొంబదిమంది వారే. ఆ బిడ్డకు ఈ బడి ఏమి చేయునని అడిగి, ఉత్తరము దొరకిన చోటనే చేర్చుడు.